తుర్క్‌మన్ బాబాను మా గల్లీకి పిలుచుకొచ్చిన ముచ్చట

మా ఇంట్లో చదువుకోవడానికి చోటు లేదు. ఇలా అంటే జాలిపడతారేమో, అక్కర్లేదు. చోటు ఉండేది, కాకపోతే అందులో మా బాపు ఉండేవాడు. లాడ్ బజార్ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు మాది. బాపు వెండిపని చేసేవాడు. ముందుగదిలో కుంపటి, కుంపటి పక్కన బాపు, బాపు పక్కన ఎప్పుడు చూసినా ముచ్చట పెట్టడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు. కాలిపట్టీలకు మువ్వలు అతికే పని నోరు మూసుకుని కూడా చేయవచ్చని నా నమ్మకం. బాపుకు ఆ నమ్మకం ఉండేది కాదు. వెనక గదిలో అమ్మ, కిరసనాయిలు పొయ్యి, ఇద్దరు తమ్ముళ్ళు, వాళ్ళ కొట్లాటలు. ఆ లొల్లిలో నేను బి.ఎ. ప్రైవేటుగా కట్టి రెండుసార్లు తప్పాను. డెబ్బైల చివరి మాట ఇది. ఈసారి కూడా తప్పితే ఇంక చదువు పేరెత్తొద్దని బాపు తేల్చి చెప్పేశాడు.

అప్పుడు నాకున్న ఒక్కగానొక్క దిక్కు గల్లీ చివరి రీడింగ్ రూం. సోవియట్ దేశంతో మనకు స్నేహం పెంచాలని పెట్టుకున్న సంఘం ఒకటి దాన్ని నడిపేది. స్నేహం ఎంత పెరిగిందో నాకు తెలియదు గానీ, గల్లీలో పిల్లలందరి పుస్తకాలకు అట్టలు మాత్రం ఆ సంఘం పత్రికల నునుపు కాగితంతోనే పడేవి. మా చిన్న తమ్ముడి లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు తోలే అమ్మాయి ఏడాది పొడుగునా నవ్వుతూనే ఉండింది, వాడి మార్కులు చూసి కూడా. గదిలో ఒక పొడుగాటి బల్ల, రెండు బెంచీలు, ఒక ఫ్యాను, ఇనుప బీరువా నిండా పుస్తకాలు. పొద్దున, సాయంత్రం మగవాళ్ళు వచ్చి పేపర్లు చదివి దేశాన్ని బాగుచేసి వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా ఆడవాళ్ళకు.

ఆ వేళలో వచ్చేది ముగ్గురమే. ఒకరు నేను. రెండో మనిషి పక్క గల్లీ క్రైస్తవ ఆయమ్మ. సర్కారు దవాఖానాలో డ్యూటీ దిగి వచ్చి, పత్రిక తెరిచి, దాని మీద తల పెట్టి హాయిగా నిద్రపోయేది. మూడో మనిషి ఆ ఇంటి యజమాని భార్య. మేమంతా చాచీ అని పిలిచేవాళ్ళం. ఆమెకు తెలుగు చదవడం రాదు. పత్రికల్లో తివాచీల బొమ్మలు వెతికి, వాటి పువ్వులు కాగితం మీద దించుకుని పోయి దిండు గలేబుల మీద కుట్టేది. ఒకరికి చదువు, ఒకరికి నిద్ర, ఒకరికి కుట్టు. ఎవరూ ఎవరికీ ఉపన్యాసం ఇచ్చేవాళ్ళం కాదు. ఆ సంఘం చరిత్రలో అంత సవ్యంగా నడిచిన కార్యక్రమం ఇంకొకటి ఉందని నేననుకోను.

ఇలా ఉండగా చాచా గది ఖాళీ చేయమన్నాడు. చాచా అంటే ఆ ఇంటి యజమాని, చాచీ భర్త. గాజుల వ్యాపారం. చెడ్డవాడు కాడు. దారిలో కనబడితే "క్యా బేటీ, పరీక్ష ఎప్పుడు?" అని అడిగేవాడు. నేను తప్పిన సంగతి తెలిసి కూడా అడిగేవాడు, అంతే.

"రంజాన్ దగ్గరకొచ్చింది. మా అల్లుడు మాల్ దింపాలె. గాజుల డబ్బాలు రోడ్డు మీద పెట్టమంటవా?" అని సెక్రటరీని నిలదీశాడు.

సెక్రటరీ అంటే సంఘం కార్యదర్శి. కరెంటు ఆఫీసులో గుమాస్తా. గల్లీలో పెద్దాచిన్నా అందరికీ ఆయన సెక్రటరీ అన్నే. మంచి మనిషి, ఉద్యమాల మనిషి, కానీ నోరు తెరిస్తే "చారిత్రక దృష్టితో చూసినట్లయితే" అనకుండా మంచినీళ్ళు కూడా అడగలేడు. చాచా ముందు ఆ దృష్టి పని చేయలేదు. చేయకపోయేసరికి తల పట్టుకుని మూడింటికి, అంటే మా వేళలో, వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏంజేద్దం చెల్లె? బీరువా ఎత్తుకొని యాడికి పోవాలె?"

ఆయన గొంతు విని ఆయమ్మ నిద్రలేచింది. ఇన్నాళ్ళలో ఆమె మెలకువగా ఉండగా చూడటం నాకదే మొదలు. చాచీ సూది ఆపింది. ఆ గది పోతే నా చదువు పోయినట్టే. ఆ ముక్క సెక్రటరీకి చెప్పాలనిపించింది గానీ, ఆయన అప్పటికే చాచాను వర్గాలుగా విడదీసి విశ్లేషించడం మొదలుపెట్టాడు.

విశ్లేషణ వింటూ బీరువా వైపు చూస్తుంటే పై అరలో ఒక పలచటి పుస్తకం కనబడింది. అంతకు నెల ముందే చదివాను. ఎందుకు చదివానంటే, బీరువా మొత్తంలో పలచటిది అదే. తుర్క్‌మన్ కవి ఒకాయన జీవితం. మాస్కోలో తెలుగు చేసి అచ్చువేసి పంపింది. ఆ తెలుగు మన తెలుగే, కాకపోతే చలికి బిగుసుకుపోయినట్టుండేది, కాస్త వేడిచేసి చదువుకోవాలి. అయినా ఆ మనిషి మాత్రం నాకు నచ్చాడు. పద్దెనిమిదో శతాబ్దం వాడు. తండ్రి పండితుడు, కవి. కొడుకు ఖీవాలో, బుఖారాలో మదరసాలలో చదివాడు, సూఫీల దారి పట్టాడు, పొట్టకూటికి వెండిపని చేశాడు. తమలో తాము కొట్టుకు చచ్చే తెగలన్నీ ఒక్కటవ్వాలని పాటలు కట్టాడు. ఒక పిల్లను మనసారా ప్రేమిస్తే ఆమెను ఇంకొకరికి ఇచ్చి చేశారట. రాసినదాంట్లో చాలా భాగం దోపిడీగాళ్ళ పాలు, వరద పాలు అయిందనీ, మిగిలింది పాటగాళ్ళ నోట బతికిందనీ ఉంది. హిందుస్తాన్ దాకా తిరిగాడని కూడా కొందరు చెబుతారని చివర్లో ఒక వాక్యం.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మా గల్లీలో అది ఎవరికీ నోరు తిరగలేదు. ఇప్పుడు నేను సరిగ్గా రాస్తే ఆ పేరు తప్పని మా వాళ్ళు నామీదికి వస్తారు.

"అన్నా, ఈయన సూఫీ. చాచాకు సూఫీలంటే పాణం గదా" అన్నాను.

అంతే. సెక్రటరీ అన్న పుస్తకాన్ని నా చేతిలోంచి లాక్కుని, తిరగేసి, చదవకుండానే అర్థం చేసుకున్నాడు. చదవకుండా అర్థం చేసుకోవడం ఆయనకు అలవాటే. ఈ గదికి ఆ కవి పేరు పెడితే ఎవరు ఖాళీ చేయిస్తారో చూద్దామన్నాడు. "చారిత్రక దృష్టితో చూసినట్లయితే" అని కూడా అన్నాడు, కానీ ఈసారి నాకు కోపం రాలేదు.

మర్నాటి నుంచి కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ముందు చాచా దగ్గరికి. పుస్తకం చదివినదాన్ని నేనే కాబట్టి నన్నూ వెంటపెట్టుకుపోయాడు. పక్కన చాచీ తెర వెనక. సెక్రటరీ అన్న గొంతు తగ్గించి, జీవితంలో ఒక్క ముషాయిరాకైనా పోనివాడు, "పెద్ద సూఫీ చాచా, బహుత్ పహుంచే హుయే బుజుర్గ్" అన్నాడు, అంటే దైవాన్ని చేరుకున్న మహాత్ముడని. చాచా కళ్ళు మూసుకుని తల ఊపాడు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"హిందుస్తాన్‌కు వచ్చిండ్రా?"

సెక్రటరీ నావైపు చూశాడు. "వచ్చిండని కొందరంటరని రాసిండ్రు చాచా" అన్నాను. ఉన్నమాటే అన్నాను.

చాచా చాయ్ కప్పు కింద పెట్టాడు. "హిందుస్తాన్ దాంక వచ్చినోడు హైదరాబాద్ రాకుంట ఎట్ల పోతడు బేటీ?" అన్నాడు.

ఆ మాట ఏ హైదరాబాదీ కాదనడు. హైదరాబాదుకు వచ్చాక చార్మినార్ చూడకుండా పోడు. చార్మినార్ దాకా వచ్చినవాడికి లాడ్ బజార్ రెండడుగులు. లాడ్ బజార్ ఎండలో నడిచిన బుజుర్గు కాస్త నీడ కోసం ఏ సందులోకి తిరుగుతాడు? ఇలా చాచా ఆ మహానుభావుణ్ణి బుఖారా నుంచి చెయ్యి పట్టుకుని నడిపించి తన ఇంటి కింది గదిలో కూర్చోబెట్టాడు. చాయ్ చల్లారకముందే అంతా అయిపోయింది. ఆ గదిలో తనకు చిన్నప్పటి నుంచీ ఏదో సుగంధం తగిలేదని కూడా చెప్పాడు. అది వాళ్ళ నాన్న అత్తరు డబ్బాలు పెట్టుకున్న గది అని చాచీ తెర వెనక నుంచి అందిగానీ ఎవరూ వినలేదు.

రెండో మజిలీ మా ఇల్లు. బాపు మా కులసంఘంలో పెద్దమనిషి. గదికి సున్నం వేయడానికి, బోర్డు రేకు మార్చడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి కదా. సెక్రటరీ అన్న ఈసారి సూఫీ సంగతి నోటికి రానివ్వలేదు. "పెద్దాయిన శ్రమజీవి బాపు. వెండిపని జేసేటోడు" అన్నాడు.

బాపు ఊదుగొట్టం పక్కన పెట్టాడు. "ఏం పని? పట్టీలా, కడియాలా?"

"అన్నీ."

"అయితే మనోడే!"

"బాపూ, ఆయనది తుర్క్‌మన్ దేశం. ముస్లిం" అన్నాను.

"అయితేంది బిడ్డా? కుంపటి ముంగట గూసుండి పొగ మింగినోడు యాడోడైనా మనోడే" అన్నాడు బాపు. ఈ మాట ఇక్కడితో ఆపి ఉంటే మా బాపు గొప్పతనం గురించి నేనొక వ్యాసం రాసేదాన్ని. ఆపలేదు. సాయంత్రానికల్లా కులసంఘంలో ఆ కవి పూర్వీకులు మన వైపు నుంచే వలస పోయారని తీర్మానం జరిగిపోయింది. గోత్రం మీద మాత్రం ఇంకా వాదన నడుస్తోందని అమ్మ చెప్పింది.

మూడో మజిలీ నది అవతల, సంఘం పెద్దాఫీసు. అక్కడికి నేను పోలేదు. అక్కడి పాలకులైన ఖాన్‌ల దౌర్జన్యాన్ని ఎదిరించిన ప్రజాకవిగా అక్కడ ఆయన్ని ప్రవేశపెట్టానని సెక్రటరీ అన్న వచ్చి చెప్పాడు. పెద్దాఫీసు వాళ్ళు పొంగిపోయారట. ఆ కవి దేశం నుంచే ఒక డెలిగేషన్ వస్తోంది, మీ పాతబస్తీ గది కూడా చూపిద్దాం అన్నారట. విచిత్రమేమిటంటే సెక్రటరీ అన్న ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ముగ్గురికీ నిజమే చెప్పాడు. ఎవరికి కావలసిన ముక్క వాళ్ళకు తుంచి పెట్టాడు. మిగిలిన ముక్క ఒకటే, ఆ పిల్ల సంగతి. దాన్ని ఎవరూ అడగలేదు. మా మధ్యాహ్నం వేళలో మాత్రం దానిమీద రోజూ చర్చే. "ఆ పోరి ఏమైందో చదివి చెప్పు" అని చాచీ నన్ను పీక్కుతినేది. పుస్తకంలో లేదంటే నమ్మేది కాదు, దాస్తున్నాననుకునేది.

ప్రారంభం రోజున ముగ్గురూ మూడు వైపుల నుంచి వచ్చారు. చాచా వెనక ఖవాలీ వాళ్ళు, తల మీద పళ్ళెంలో ఆకుపచ్చ చాదర్. బాపు వెనక కులసంఘం, కొబ్బరికాయలు, బ్యాండు మేళం. సెక్రటరీ అన్న వెనక ఎర్రజెండాలు. గల్లీ వెడల్పు మీకు ముందే చెప్పాల్సింది, రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. అలాంటి సందులో ఖవాలీ, బ్యాండు, "వర్ధిల్లాలి" మూడూ కలిసిపోయాయి. ఎవరిది ఎవరికీ వినబడలేదు కాబట్టి గొడవ కాలేదు. లోపల గోడకు కవి బొమ్మ. పుస్తకంలోని చిన్న బొమ్మ చూసి సినిమా పోస్టర్లు వేసే పెయింటర్ పెద్దది చేశాడు. అసలు ఆ కవిని చూసి గీసిన బొమ్మే లేదట, తర్వాతి వాళ్ళు ఊహించి వేసిందేనట. మా పెయింటర్ ఇంకాస్త ఊహించి గులాబి బుగ్గలు పెట్టాడు.

చాచా ఆ బొమ్మ కింద, మేం చదువుకునే బల్ల మీద చాదర్ పరిచి, ఇది తుర్క్‌మన్ బాబా చిల్లా అని ప్రకటించాడు. మా వైపు చిల్లా అంటే సమాధి కాదు, బుజుర్గు ఒకప్పుడు కూర్చుని ధ్యానం చేసుకున్న చోటు. ఆయన నిద్రపోయేది ఏ దేశంలోనైనా సరే, చాదర్ ఇక్కడ పరుచుకోవచ్చు. బాపు వాళ్ళు టపీమని కొబ్బరికాయ కొట్టారు. సెక్రటరీ అన్న పిడికిలి ఎత్తి, ఎందుకో సగంలో దించి, సలాం చేశాడు.

గది దక్కింది. గాజుల డబ్బాలు ఇంకెక్కడికో పోయాయి. నాకు ఆనందం పట్టలేదు. సాయంత్రం ముగ్గురు పెద్దమనుషులూ కూర్చుని గది నియమాలు రాసుకుంటుంటే చాయ్ ఇవ్వడానికి నేనే పోయాను.

బొమ్మ ఏ గోడకు ఉండాలన్న దాని మీద వాళ్ళకు కుదరలేదు. దీపమా, ఊదుపొగా అన్న దాని మీద కుదరలేదు. ఉర్సు చేయాలా, జయంతి చేయాలా, సభ చేయాలా అన్నదాని మీద లేచి నిలబడి అరుచుకున్నారు. అప్పుడు చాచా, "ఔరతాఁ, ఆడోళ్ళంత, గడప బయటి నుంచి మొక్కాలె. దర్గాల కాడ అంతే గదా" అన్నాడు.

"అవు, మా గుళ్ళల్ల గూడ ఆ నాలుగు రోజులు రావొద్దాయె. ఎవలు ఎప్పుడో మనకేం ఎర్క? మొత్తానికే బయట ఉంటే అందరికీ మంచిది" అన్నాడు బాపు.

నేను సెక్రటరీ అన్న వైపు చూశాను. మహిళా విముక్తి మీద ఆ మనిషి మాట్లాడగా మూడు గంటలు విన్నదాన్ని. ఆయన చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచి, "ఇప్పుడున్న దశలో" అన్నాడు. డెలిగేషన్ వచ్చేదాకా పుస్తకాలు చెదిరిపోకుండా బీరువాకు తాళం వేస్తే మంచిదని కూడా చేర్చాడు. దేనిమీదా కుదరని ముగ్గురికీ దీనిమీద ఒక్క గుక్కలో కుదిరింది.

"మరి నేను యాడ చదువాలె?" అని అడిగాను.

ముగ్గురూ నన్ను ఆశ్చర్యంగా చూశారు. "నీ పుణ్యాన్నే గది మిగిలింది బిడ్డా" అన్నాడు బాపు, మురిపెంగా. ఒళ్ళు మండిపోయింది నాకు. ట్రే అక్కడే పడేసి వచ్చాను.

చాచీ సంగతి ఇంకా అన్యాయం. తన సొంత ఇంట్లో తనకు ఒక గది నిషిద్ధమైంది. ఆమె ఉపన్యాసాలు ఇవ్వలేదు. చాచా దాల్‌లో ఉప్పు వేయడం మానేసింది. చాచా సూఫీలను మెచ్చుకునేవాడే గానీ సూఫీ కాడు, ఉప్పు లేకుండా ఆయనకు ముద్ద దిగేది కాదు. అయినా నియమం మారలేదు. ఎందుకంటే దాన్ని మారుస్తామంటే బాపు ఒప్పుకోవాలి, బాపు ఒప్పుకుంటే సెక్రటరీ ఒప్పుకోవాలి. ఎవరిని అడిగినా మిగతా ఇద్దరూ ఏమంటారో అని జాలిగా నవ్వేవాళ్ళు. ఆయమ్మ మాత్రం "నాకేంది, బస్సుల పంటా" అని ఊరుకుంది. ఊరుకుంది గానీ ఆమె కళ్ళ కింద నలుపు దిగడం నేను చూశాను.

ఆ తర్వాత డెలిగేషన్ వచ్చింది. గల్లీ మొగదల కారు ఆగింది. ముందు ఢిల్లీ నుంచి వచ్చిన దుబాసి దిగాడు. వెనక డెలిగేషన్ దిగింది. డెలిగేషన్ ఒక ఆడమనిషి.

యాభై ఏళ్ళుంటాయి. పొడుగాటి గౌను, తలకు పూల రుమాలు, మెడ దగ్గర అరచేతి వెడల్పు వెండి బిళ్ళ. ఆ కవి మీదే పరిశోధన చేసిన పండితురాలని దుబాసి హిందీలో చెప్పాడు. ముగ్గురు పెద్దమనుషులూ పూలదండలు పట్టుకుని కొయ్యబారిపోయారు. పెద్దాఫీసు నుంచి వచ్చిన కాగితంలో డెలిగేషన్ అని ఉందే తప్ప ఆడా మగా రాసి లేదని సెక్రటరీ అన్న గుటకలు మింగాడు. బాపుకు మాత్రం ఆ వెండి బిళ్ళ తప్ప ఇంకేమీ కనబడటం లేదు. చాచా గడ్డం సవరించుకుని, పక్కకు జరిగి, "తష్రీఫ్ లాయియే" అన్నాడు. ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.

మేం ఆడవాళ్ళం గది ముందు మెట్ల మీద నిలబడి ఉన్నాం. చాచీ తన భర్త కుర్తా పట్టుకుని గుంజింది.

"ఆమె ఎట్ల పోయింది లోపలికి? ఔరత్ కాదా?"

"చుప్. ఔరత్ కాదు, డెలిగేషన్" అన్నాడు చాచా.

లోపల ఆమె అన్నీ నిదానంగా చూసింది. గులాబి బుగ్గల కవిని చూసి పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికే అని నా అనుమానం. బల్ల మీది చాదర్ చూసి ఏదో అడిగింది. "ప్రజల ప్రేమ" అన్నాడు సెక్రటరీ. తాళం వేసిన బీరువా చూసి, "ఇక్కడ ఎవరు చదువుతారు?" అని అడిగింది. "శ్రామిక ప్రజలు" అన్నాడు. "వాళ్ళేరి?" అని అడిగింది.

సెక్రటరీ అన్న చుట్టూ చూశాడు. శ్రామిక ప్రజలు కొబ్బరి ముక్కలు పంచుకుంటున్నారు. వాళ్ళలో ఒక్కడూ ఆ కవి గురించి ఒక్క పేజీ చదివినవాడు లేడు. అప్పుడు చాచీ నా వీపు మీద చెయ్యి పెట్టి గడప మీదికి నెట్టింది. "ఏ బచ్చీ పఢీ! పూరా పఢీ! మొత్తం సదివింది, నాకు గూడ చెప్పింది" అని గట్టిగా అరిచింది.

డెలిగేషన్ గడప దగ్గరికి వచ్చింది. ఆమె లోపల, నేను బయట. ఆయన జీవితంలో నీకేం నచ్చిందని దుబాసి ద్వారా అడిగింది. సూఫీ అనాలా, శ్రమజీవి అనాలా, ప్రజాకవి అనాలా? మూడు జతల కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను అడగదలచుకున్నది అడిగేశాను.

"ఇంకొకరికి ఇచ్చి చేసినంక ఆ పిల్ల ఏమైంది మేడం?"

దుబాసి చెప్పగానే ఆమె ముఖం మారింది. రుమాలు సర్దుకుంది. "ఇన్నేళ్ళుగా ఆయన మీద పని చేస్తున్నాను. ఈ ప్రశ్న మా దగ్గర కూడా ఆడవాళ్ళే అడుగుతారు. జవాబు ఎక్కడా రాసిపెట్టలేదు" అంది. తర్వాత సంచీలోంచి ఒక పుస్తకం తీసింది. నీలం అట్ట, బంగారు అక్షరాలు, ఆ కవి పాటలు వాళ్ళ భాషలో. రెండు చేతులతో నాకు అందించింది. నేనూ రెండు చేతులూ చాచాను.

మధ్యలోంచి సెక్రటరీ అన్న చెయ్యి వచ్చింది. "సంఘం తరఫున సగౌరవంగా స్వీకరిస్తున్నాం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాపు అందరికంటే గట్టిగా కొట్టాడు. పుస్తకం బీరువాలోకి పోయింది, తాళం పడింది, తాళంచెవి చాచా జేబులోకి పోయింది. ఆమె నావైపు, నా ఖాళీ చేతుల వైపు చూసి దుబాసితో ఏదో అనబోయింది. దుబాసి గడియారం చూసుకున్నాడు. కారు కదిలింది.

ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా నేను చదవలేకపోయేదాన్ని. అయినా అది నాది. నా కళ్ళముందే దానికి తాళం వేశారు. ఇంటికి పోయి ఏడ్చాను, దుఃఖం కంటే కోపంతో ఎక్కువ ఏడ్చాను. "పరాయి దేశపు పుస్తకం కోసం ఏడుపేంది?" అని అమ్మ ముక్కున వేలేసుకుంది.

మర్నాడు మూడింటికి చాచీ మెట్ల మీద చాప పరిచింది. "గది బాబాది. మెట్లు నాయి. కూసో" అంది. చాచా ఏమీ అనలేకపోయాడు, ఆయనకు దాల్‌లో ఉప్పు కావాలి. ఆ మెట్ల మీదే కూర్చుని చదివాను. మొక్కుకునేవాళ్ళు నన్ను దాటుకుంటూ పోయేవాళ్ళు. గైడు మీద ఊదు బూడిద రాలేది. ఒకావిడ నన్ను బిచ్చగత్తె అనుకుని ఒళ్ళో పావలా వేసి పోయింది. లోపల ఫ్యాను తుర్క్‌మన్ బాబా బొమ్మకు గాలి విసురుతుంటే నేను చరిత్ర గైడుతో విసురుకున్నాను.

పాసయ్యాను.

పాసయ్యానన్న సంగతి నేను ఇంట్లో చెప్పేలోపు గల్లీ అంతా తెలిసిపోయింది, బాబా పాస్ చేయించాడని. "చిల్లా మెట్ల మీద కూసున్న పిల్ల పాస్ గాకుంట ఎట్ల ఉంటది?" అని చాచా దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. మా కులంలో మొదటి బి.ఎ. ఆడపిల్ల అని, అది మన వెండిపని బుజుర్గు చలవేనని బాపు మిఠాయి పట్టుకుని ముందు బాబా గదికే పోయాడు, నా దగ్గరికి తర్వాత వచ్చాడు. సంఘం వార్షిక నివేదికలో సెక్రటరీ అన్న నన్ను రీడింగ్ రూం సాధించిన విజయంగా రాశాడు. ముగ్గురూ నన్ను మూడు ముక్కలు చేసి పంచుకున్నారు. ఆ కవి పడ్డ బాధ నాకప్పుడు బాగా అర్థమైంది. నిద్రలేని కళ్ళతో ఆ మెట్ల మీద నా పక్కన కూర్చుని గైడులో ప్రశ్నలు అడిగిన ఆయమ్మ పేరు, ఉప్పు లేని దాల్‌తో పోరాడిన చాచీ పేరు ఎవరూ ఎత్తలేదు.

తర్వాత నాకు సర్కారు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఎనభైలలోకి వచ్చేశాం. సెక్రటరీ అన్నకు ఇంకో ఊరికి బదిలీ అయింది. మగవాళ్ళు కూడా పేపర్లు చదవడానికి రావడం మానేశారు, చాదర్ ముందు కాళ్ళు చాపుకుని కూర్చోవడం బాగుండదు కదా. పరీక్షల రోజులు వచ్చాయంటే మాత్రం ఆ గది ముందు చెప్పుల కుప్ప. కిటికీ జాలీకి హాల్ టికెట్లు ఆనించి మొక్కితే పాసవుతారని పేరు పడింది. ఉస్మాన్‌గంజ్ అవతల నుంచి కూడా వచ్చేవాళ్ళు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే రెండు జడల పిల్ల ఒకతి జాలీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి పలకరించింది.

"అక్కా, ఈడ మొక్కితే పక్కా పాసయితరంట గదా?"

"చదివినవా మరి?" అన్నాను.

"ఇంట్ల యాడ సదువుడక్కా, అంత లొల్లి. గందుకే గదా ఈడికొచ్చిన."

ఆ పిల్ల భుజం పట్టుకుని జాలీ దగ్గరికి వంచాను. "లోపల చూడు. ఆ ఆకుపచ్చ గుడ్డ కింద బల్ల ఉంది, పొడుగాటి బల్ల. గోడకు రెండు బెంచీలు. మూలకు బీరువా, దాన్నిండ పుస్తకాలే" అన్నాను.

ఆ పిల్ల మర్యాదకు ఒకసారి తొంగిచూసింది. తర్వాత పెద్దదాన్ని నేనేదో అంటున్నాననుకుని నవ్వింది. "బాబాకు బెంచీలెందుకక్కా?" అని, హాల్ టికెట్ జాలీకి ఆనించి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. మొక్కు అయ్యేదాకా ఆగాను. చాచీ పోయినా ఆ మెట్ల మీద చాప ఇంకా ఉంది, కోడలు రోజూ దులిపి వేస్తోంది. దాని మీద కూర్చున్నాను, ఆ పిల్లను కూడా కూర్చోమన్నాను.

"ఏ పాఠం రాదో చెప్పు. పుస్తకం తియ్యి" అన్నాను.

"పుస్తకం తేలేదక్కా" అంది. "హాల్ టికెట్ ఒక్కటే తెచ్చిన."